మోకాలి నొప్పికి జెల్ సూది: అది కందెన, గుజ్జు కాదు

(సంఘ భవనమున ఆదివారపు సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన ఆదివారపు సభలలో సాధారణముగా భాషను గూర్చియో, బడులను గూర్చియో ప్రసంగములు జరుగుచుండును. మోకాళ్లను గూర్చి మాట్లాడుమని కార్యవర్గమువారు మమ్ము కోరినప్పుడు కొందరు నవ్విరి. కాని ఈ దినము ఈ భవనమున కుర్చీలన్నియు ముందుగా నిండిపోయి చాపలు ఖాళీగా మిగిలియుండుట చూచినచో, ఈ విషయముతో మనకెంత పని యున్నదో వేరుగా చెప్పనక్కరలేదు.

మేము వైద్యులము కాము. షోలాపురమున తూర్పు భాగపు పేటలలోని మన పెద్దలను వైద్యశాలలకు వెంటబెట్టుకొని పోయి, వారు తెలుగున చెప్పినది మరాఠీలో వైద్యునకును, వైద్యుడు మరాఠీలో చెప్పినది తెలుగున వారికిని వినిపించుట కొన్ని సంవత్సరములుగా మా పని. మా కుడి మోకాలు కూడ ఈ సూదుల రుచి చూచినదే. ఈ రెండు అర్హతలతోనే మాట్లాడుచున్నాము.

మన పేటలలో మోకాలి నొప్పి లేని యిల్లు అరుదు. ఒడిలో చేట పెట్టుకొని, తునికాకు కత్తిరించుచు, వేయి బీడీలకు ఇంత అను కూలికి ముప్పది నలుబది సంవత్సరములు నేలమీద మఠము వేసికొని కూర్చున్న తల్లులు మనవారు. మరమగ్గముల నడుమ పూటల తరబడి నిలువుకాళ్లమీద పని చేసిన తండ్రులు మనవారు. వయస్సు, శరీరపు బరువు, పూర్వము తగిలిన దెబ్బలు, వంశమునుండి వచ్చు గుణము, మోకాళ్లు ముడిచి చేయు పని, ఇవన్నియు కలిసి కీలు అరుగుటకు కారణములగుచున్నవి. స్త్రీలకు ఈ బాధ పురుషులకంటె ఎక్కువ.

ఇపుడు అసలు సంగతికి వచ్చెదము. ఈ జెల్ సూదిని గూర్చి మన పేటలలో పుట్టిన అపోహకు సగము కారణము ఒక మాట. ఒక తల్లికి మోకాలు చూచిన వైద్యుడు లోపల "వంగణ్" తగ్గినదనియు, దానిని సూదితో వేయవచ్చుననియు మరాఠీలో చెప్పెను. ఆమె ఇంటికి వచ్చి కోడలితో, "గుజ్జు అయిపోయిందంట, సూదితో గుజ్జు ఎక్కిస్తారంట" అన్నది. ఆ మాట మూడవ యింటికి చేరునప్పటికి, కోత లేకుండ కొత్త మోకాలు వచ్చునను వార్తయై కూర్చున్నది. ఆ తల్లి చేతి గాజులు కుదువబెట్టి సూదులు వేయించుకొన్నది. నొప్పి తగ్గలేదు. ఆమె ఎక్సురే పటమును మేము తరువాత వేరొక వైద్యునకు చూపగా, ఎముకకు ఎముక తాకుచున్న మోకాలికి ఈ సూది పని చేయుట అరుదని ఆయన చెప్పెను.

మరాఠీలో వంగణ్ అనగా బండి ఇరుసునకు పెట్టు కందెన. గుజ్జు కాదు. వైద్యుడు చెప్పిన మాట సరియైనదే; తెలుగులోనికి వచ్చుచు అది మారిపోయినది. మనము గుజ్జు అను ఒక్క మాటతో రెండు వేరు వేరు వస్తువులను పిలుచుచున్నాము. మోకాలిలో తొడ ఎముక కొనకును, కాలి ఎముక తలకును నున్నని తెల్లని పొర యొకటి అంటుకొని యుండును. దీనిని మృదులాస్థి యందురు. అరిగిపోవునది ఇది. ఆ రెంటి నడుమ కోడిగ్రుడ్డు తెల్లసొనవలె జిగురుగా నుండు ద్రవము కొలదిగా, మంచి మోకాలిలో కొన్ని మిల్లీలీటర్లు మాత్రమే, ఉండును. ఇది కందెన. సూదితో వేయునది ఈ రెండవదానిని పోలిన వస్తువు. మగ్గమునకు నూనె వేసిన మాత్రమున అరిగిన పండ్లచక్రమునకు కొత్త పండ్లు మొలవవని నేతపని చేసిన మనకు ఒకరు చెప్పవలెనా? జెల్ సూదివలన అరిగిన మృదులాస్థి తిరిగి పెరుగునని నిశ్చయముగా రుజువైనది లేదు. అట్లు పెరుగునని ఎవరైన ప్రకటించినచో ఆ ప్రకటనను మడచి జేబులో పెట్టుకొని ఇంటికి వచ్చివేయవలెను.

మరియొక సంగతి. మృదులాస్థికి రక్తనాళములు లేవు, నొప్పిని తెలుపు నరములును లేవు. కనుక నొప్పి దానినుండి నేరుగా పుట్టదు. క్రింది ఎముకనుండియు, కీలును చుట్టియున్న పొరల వాపునుండియు, బలహీనపడిన కండలనుండియు పుట్టును. ఈ కారణముననే ఎక్సురేలో మోకాలు మిక్కిలి అరిగినట్లు కనబడినను హాయిగా నడచువారున్నారు. కొంచెమే అరిగినను మెట్లెక్కలేనివారున్నారు. పటమును బట్టి మాత్రమే చికిత్స నిర్ణయించుట సరికాదు.

ఆ కందెనలోని ముఖ్య పదార్థమునకు హయలురోనిక్ ఆమ్లము అని పేరు. కార్ల్ మేయర్, జాన్ పామర్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు 1934లో పశువుల కంటిలోని గాజువంటి పదార్థమునుండి దీనిని మొదట వేరు చేసిరి. పిమ్మట ఎండ్రె బలాజ్ అను శాస్త్రజ్ఞుడు కోడిపుంజుల జుట్టునుండి దీనిని శుద్ధముగా తీయు మార్గము కనిపెట్టెను. మొదట పందెపు గుఱ్ఱముల కీళ్లకును, కంటి శస్త్రచికిత్సలకును వాడిరి. అమెరికాలో మనుష్యుల మోకాలికి 1997లో అనుమతి లభించినది. ఆ అనుమతి మందుగా గాక వైద్య సాధనముగా ఇచ్చిరి. కీలులో నిలిచి ఒత్తిడిని తగ్గించు వస్తువని దాని భావము.

కోడిజుట్టు అనగానే ఇచట కొందరు కనుబొమలు ముడిచిరి. అందులకు హేతువు కలదు. పండరి మాల ధరించి మాంసము విడిచిన కుటుంబములు మనలో తక్కువ కాదు. వారికి ఈ సంగతి ముందుగా తెలియుట వారి హక్కు. ఇప్పటికిని కొన్ని రకములు కోడిజుట్టునుండి తీసినవే. మరికొన్ని సూక్ష్మజీవుల పులియబెట్టు పద్ధతిలో తయారగుచున్నవి. వీటిలో జంతుసంబంధమైన మూలపదార్థము లేదు. ఏది యేదో పెట్టెలోని కాగితముపై అచ్చువేసి యుండును. నియమము గలవారే గాక, కోడిగ్రుడ్లు, కోడిమాంసము, ఈకలు పడక దద్దుర్లు వచ్చువారు కూడ ఈ మాట వైద్యునితో తప్పక చెప్పవలెను. అడుగుటకు సిగ్గుపడ నవసరము లేదు. మేము అడిగిన ప్రతి వైద్యుడును పెట్టె తీసి చూపెను. ఒకాయన మాత్రము తాను కూడ అది మొదటిసారి చదువుచున్నానని నవ్వెను.

సూది గుణమెంత? ఇచట వైద్యలోకము ఏకాభిప్రాయముతో లేదు. ఆ సంగతి మీకు దాచుట న్యాయము కాదు. సూది గుణమును తేల్చుటకు పరిశోధకులు రోగులను రెండు గుంపులు చేసి ఒక గుంపునకు జెల్, మరియొక గుంపునకు ఉప్పునీరు ఎక్కింతురు. ఎవరికేది వేసిరో రోగికి తెలియనీయరు. ఇందులో విచిత్రమేమనగా, ఉప్పునీరు వేయించుకొన్నవారికి కూడ నొప్పి చాలవరకు తగ్గుచున్నది! సూది వేసిరన్న ధైర్యము, కాలముతో నొప్పి తనంతట హెచ్చుతగ్గులగు స్వభావము, వైద్యుడు శ్రద్ధగా చూచెనన్న తృప్తి, ఇవన్నియు అందు పని చేయును. కాబట్టి చూడవలసినది నొప్పి తగ్గినదా అని గాదు. ఉప్పునీటికంటె ఎంత యెక్కువగా తగ్గినదని.

2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఇట్టి 169 పరీక్షలను, అనగా 21,163 మంది రోగుల వివరములను, కలిపి లెక్కించిన పరిశీలన ప్రకటించెను. వానిలో పెద్దవియు, ఉప్పునీటి వంటి దానితో పోల్చినవియు అగు 24 పరీక్షలను ముఖ్యముగా తీసికొనిరి. నొప్పిని 100 గీతల కొలబద్దమీద కొలిచినచో జెల్ అదనముగా తగ్గించినది సుమారు 2 గీతలు. రోగికి తేడా తెలియవలెనన్న ఇంతకు ఎన్నో రెట్లు తగ్గవలెను. తీవ్రమైన ఉపద్రవములు కూడ జెల్ గుంపులో కొంత యెక్కువగా కనబడినవని ఆ పరిశీలకులు వ్రాసిరి. అదే 2022లో బ్రిటనులో వైద్య ప్రమాణములను నిర్ణయించు నైస్ సంస్థ ఈ సూదిని ఇవ్వవలదని చెప్పినది. అమెరికా ఎముకల వైద్యుల అకాడమీ 2021లో, సర్వసాధారణముగా అందరికి వాడుట తగదని చెప్పినది. ఇక కీళ్లవాత పరిశోధకుల అంతర్జాతీయ సంఘము మాత్రము 2019లో, తగిన రోగులకు షరతులతో వాడవచ్చునన్నది. మన దేశమున అనేకులు ఎముకల వైద్యులు నిజాయితీగానే దీనిని వాడుచున్నారు. వారు చెప్పునది కూడ వినదగినదే: సగటు లెక్కలో గుణము స్వల్పమైనను అరుగుదల మధ్యస్థముగా నున్న కొందరికి కొన్ని నెలల ఉపశమనము కలుగుచున్నదనియు, దినదినము నొప్పి మాత్రలు మ్రింగి కడుపును, మూత్రపిండములను చెరుపుకొనుటకంటె ఇది మేలనియు వారి వాదము.

మా అనుభవమును అడిగినవారున్నారు గనుక చెప్పెదము. వారమున కొకటి చొప్పున మూడు సూదులు వేయించుకొంటిమి. సూది పొడుచుట పెద్ద బాధ కాదు; పండ్ల డాక్టరు సూదికంటె నయము. రెండవ సూది తరువాత రెండు దినములు మోకాలు వాచి, వేడెక్కి, మమ్ము కొంత భయపెట్టెను. మంచుగడ్డ కాపడముతోను విశ్రాంతితోను తగ్గెను. మొదటి నెలలో ఏ మార్పును లేదు. ఆరవ వారమునుండి ఈ భవనపు మెట్లు కటకటాలు పట్టుకొనకుండ ఎక్కగలిగితిమి. ఆ సుఖము అయిదు నెలలు నిలిచినది. కాని ఆ కాలముననే మేము తొడ కండల వ్యాయామము కూడ నియమముగా చేసితిమి. సుఖమునకు సూది కారణమో, వ్యాయామము కారణమో చెప్పజాలము. వ్యాయామము ఇప్పటికిని చేయుచున్నాము, సూది మరల వేయించుకొనలేదు, మెట్లు ఎక్కుచున్నాము.

గుణము కనబడువారికి కూడ అది మెల్లగా, కొన్ని వారములకు కనబడును. ఆషాఢ ఏకాదశికి పండరిపురము నడిచి పోవలెనని, బయలుదేరుటకు వారము ముందు సూదికి తొందరపడినందువలన ప్రయోజనము లేదు. పైగా సూది తరువాత రెండు దినములు ఎక్కువ సేపు నిలుచుట, బరువులెత్తుట, దూరము నడచుట కూడదు. ఒకేసారి వేయు 6 మిల్లీలీటర్ల సూదియు కలదు. వారమున కొకటి చొప్పున 3 గాని, అంతకంటె ఎక్కువ గాని వేయు 2 మిల్లీలీటర్ల రకములును కలవు. ధర రకమును బట్టి కొన్ని వేల రూపాయలనుండి ఇరువది వేలకు పైబడి కూడ ఉన్నది. పరుపు ఎక్కకుండ బయటి రోగిగా వేయించుకొను చికిత్స గనుక బీమా దీనికి సాధారణముగా రాదు.

మోకాలిలో గాని పైచర్మమున గాని చీము, పుండు ఉన్నప్పుడు సూది వేయరాదు. రక్తము పలుచబడుటకు మాత్రలు వాడువారు ముందుగా చెప్పవలెను. సూది తరువాత జ్వరము, ఎఱ్ఱదనము, కాలు కదపలేనంత నొప్పి కలిగినచో తెల్లవారనిమ్మని ఆగక ఆ రాత్రియే వైద్యశాలకు పోవలెను. కీలులో చీము చేరుట అరుదు. చేరినచో ఆలస్యము మిక్కిలి ప్రమాదకరము.

స్టెరాయిడ్ సూదిని గూర్చి ఒక్క మాట. అది జెల్ కాదు. వాపును తగ్గించు మందు. ధర తక్కువ, గుణము త్వరగా కనబడును, కాని కొన్ని వారములే. మధుమేహము గలవారికి కొన్ని దినములు చక్కెర పెరుగును. 2017లో అమెరికాలో ప్రకటించిన ఒక పరీక్షలో, రెండేండ్లు మూడు నెలలకొకసారి ఈ సూది వేయించుకొన్నవారికి ఉప్పునీటివారికంటె మృదులాస్థి ఎక్కువ అరిగినది, నొప్పిలో మాత్రము తేడా లేదు. మాటిమాటికి వేయించుకొను సూది కాదిది.

మరి సూదికి ముందు చేయదగినదేమి? ఇచటనే మా మనవి ఎక్కువ. జెల్ అను మాట కూడ రెండు వస్తువులకు నడచుచున్నది. మందుల దుకాణమున గొట్టములో దొరకు డైక్లోఫెనాక్ జెల్ పైకి రాయు మందు. మోకాలి నొప్పికి నైస్ సంస్థ మొదట వాడదగిన మందుగా చెప్పినది ఇట్టి పైపూతనే. మాత్రవలె కడుపును అంతగా బాధింపదు, వెల స్వల్పము. జెల్ వ్రాసితినని వైద్యుడు చెప్పినప్పుడు ఏ జెల్ అని అడిగితీరవలెను. ఒక పెద్దాయన పైపూత చీటిని చూచి వేల రూపాయల సూది యనుకొని మూడు మాసములు దుకాణమునకే పోలేదు.

అన్నిటికంటె గట్టి రుజువు గలది వ్యాయామము. మోకాలు అరిగినది, కదపకూడదు అను మాట మన ఇండ్లలో పాతుకొన్నది. కదపనిచో తొడ ముందరి కండ క్షీణించి, బరువంతయు కీలుమీదనే పడును. కుర్చీలో కూర్చుండి ఒక కాలిని నిటారుగా చాపి, తొడ కండ బిగించి, పది లెక్కించువరకు నిలిపి దించవలెను. కాలికి పదిమార్లు, దినమునకు రెండు పూటలు. మంచముమీద పండుకొన్నవారు మోకాలి క్రింద తువాలు చుట్టపెట్టి దానిని క్రిందికి అదిమిపట్టవచ్చును. పిదప చేతులు ఊతగొనకుండ కుర్చీనుండి లేచి కూర్చుండుట. మొదటి దినములలో కొంత నొప్పి యుండును. మరునాటికి తగ్గినచో భయము లేదు. ఆరు వారములు విడువక చేయనిదే గుణము తెలియదు. వ్యాయామమునకు కోడిజుట్టు అక్కరలేదు, గాజులు కుదువబెట్టనక్కరలేదు.

బరువు సంగతి. శరీరము ఒక కిలో తగ్గినచో అడుగడుగున మోకాలిమీద సుమారు 4 కిలోల ఒత్తిడి తగ్గునని 2005లో అమెరికా పరిశోధకులు కొలిచి చెప్పిరి. అయిదు కిలోలు తగ్గినవారు లెక్క కట్టుకొనవచ్చును. చేతికఱ్ఱను నొప్పి మోకాలి వైపున గాక ఎదుటి చేత పట్టుకొనవలెను; కుడి మోకాలు నొప్పియైనచో ఎడమచేత. ఈ సభలో కఱ్ఱ తెచ్చిన పలువురు దానిని తప్పు చేతనే పట్టుకొని వచ్చిరి. బీడీలు చుట్టు తల్లులు నేలకు బదులు ఎత్తు పీట గాని కుర్చీ గాని వేసికొని, చేటను చిన్న బల్లమీద పెట్టుకొనవచ్చును. కుర్చీలో చుట్టినచో చేయి సాగదని వారందురు. నెల దినములలో అలవాటగునని చేసి చూచినవారు చెప్పుచున్నారు.

ఇన్నియు చేసినను రాత్రి నిద్ర పట్టక, నాలుగడుగులు వేయలేని స్థితి వచ్చినప్పుడు, సూదుల వెంట తిరుగుచు ధనమును కాలమును వ్యయము చేయక, కీలు మార్పిడిని గూర్చి విచారింపవలెను. 2017 ఆగష్టులో కేంద్ర ప్రభుత్వపు ధరల నియంత్రణ సంస్థ, ఎక్కువగా వాడు కోబాల్టు క్రోమియము కృత్రిమ మోకీలునకు పన్ను గాక 54,720 రూపాయల గరిష్ఠ ధర నిర్ణయించినది. తరువాత సవరణలు జరిగినవి. ఇది కీలు ధర మాత్రమే, వైద్యశాల ఖర్చు వేరు. 70 ఏండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఆయుష్మాన్ భారత్ పథకమును 2024 అక్టోబరులో విస్తరించిరి. సంవత్సరమునకు 5 లక్షల రూపాయలవరకు వైద్యము. మీ యింటి పెద్దలకు ఆ కార్డు లేనిచో ఈ వారమే తీయింపవలెను. మోకీలు మార్పిడి దానిక్రింద ఏ వైద్యశాలలో జరుగునో పోకముందే విచారించుకొనవలెను.

ఇంత విన్న తరువాత కూడ సూది వేయించుకొనదలచినవారిని మేము వలదనము. మధ్యస్థమైన అరుగుదల యుండి, వ్యాయామము చేసియు చాలక, మాత్రలు పడక, ధనము అప్పు చేయనక్కరలేనివారు వేయించుకొని చూడవచ్చును. అప్పు చేసి మాత్రము వలదు. వేయించుకొనుటకు ముందు వైద్యుని అడుగవలసినవి: నా మోకాలు ఏ దశలో నున్నది, ఎముకలు తాకుచున్నవా? ఈ రకము దేనినుండి తీసినది? మొత్తము సూదులెన్ని, అన్నిటికి కలిపి ఖర్చెంత? గుణము లేనిచో తరువాత ఏమి చేయుదురు? సమ్మతి పత్రము మరాఠీలోనో ఇంగ్లీషులోనో యుండును. అర్థము గాకుండ వ్రేలిముద్ర వేయకుడు. ఇంటికి తెచ్చి చదివించుకొని మరునాడు పోవచ్చును. ఇది అర్ధరాత్రి ప్రాణము మీదికి వచ్చిన రోగము కాదు.

ఈ ప్రశ్నలను ఒకవైపు తెలుగునను, మరియొకవైపు మరాఠీలోను అచ్చువేయించిన కాగితము కార్యాలయమున ఉచితముగా దొరకును. అందు గుజ్జు అను మాట ఎక్కడను వాడలేదు. మృదులాస్థికి ఎముకపై పొర అనియు, జెల్ సూదికి కందెన సూది అనియు వ్రాసినాము. వైద్యశాలకు తోడు కావలసినవారు రెండు దినములు ముందుగా తెలుపవలెను. వచ్చునప్పుడు నిలుచుండి తీయించిన ఎక్సురే పటమును, ఇప్పుడు వాడుచున్న మందుల చీటీలను తెచ్చినచో వైద్యుని యెదుట మాకు సగము పని తగ్గును.